సముద్రానికో సరుకుల చీటీ!

గాజుతొట్టిలో రంగురంగుల సముద్రపు చేపలు... రాళ్ల మీద గులాబీ రంగు పూత... ఆ వైభవం చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటే నెల తిరిగేసరికి మొదలవుతుంది అసలు ఖర్చు. కాల్షియం సీసా, మెగ్నీషియం సీసా, 'బఫర్' సీసా! వేలకు వేలు పోసి కొనే ఆ సీసాల్లో ఉన్నదేంటి? అదే సరుకు కిలోల లెక్కన చవగ్గా దొరకదా? దొరుకుతుంది. కానీ ఏది కొనాలో, ఎంత కొనాలో, అసలు కొనాల్సిన అవసరం ఉందో లేదో తెలుసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి.

వరంగల్‌కు సముద్రం ఎంత దూరం? మచిలీపట్నం వైపు కొలిచినా, బాపట్ల వైపు కొలిచినా 250 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. పాకాల, రామప్ప, లక్నవరం... కాకతీయుల కాలం నుంచీ ఇది మంచినీటి చెరువుల సీమ. ఇక్కడి ఇళ్లల్లో గాజుతొట్టి అంటే గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్, మహా అయితే వాస్తు పేరు చెప్పి కొన్న అరోవానా. కుళాయి నీళ్లు పట్టి రెండు రోజులు నిలవ ఉంచితే వాటికి సరిపోతుంది.

2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పిల్లలకు ఇంకో లోకాన్ని చూపించింది. నారింజ రంగు మీద తెల్ల చారల క్లౌన్ ఫిష్ కావాలని మారాం చేసిన పిల్లలే ఇప్పుడు ఉద్యోగాల్లో స్థిరపడి, ఆ సరదా తీర్చుకునే వయసుకొచ్చారు. అయితే ఆ చేప చెరువు నీటిలో బతకదు. దానికి సముద్రమే కావాలి. సముద్రాన్ని హన్మకొండకు మోసుకురాలేం కాబట్టి ఇక్కడే తయారుచేయాలి. అదిగో, అక్కడే మొదలవుతుంది ఖనిజాల కథ.

ఉప్పంటే ఒక్క ఉప్పు కాదు

'దీనికింత హంగామా ఎందుకు? బజార్లో కల్లుప్పు తెచ్చి నీళ్లల్లో కలిపితే సముద్రపు నీరే కదా' అనుకుంటారు చాలామంది. కాదు!

కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడ్ 19.4 గ్రాములు, సోడియం 10.8 గ్రాములు. మిగిలిన నాలుగైదు గ్రాముల్లోనే ఉంది కిటుకంతా. సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4, పొటాషియం 0.4. ఆ తర్వాత చిటికెడంత బైకార్బనేటు, బ్రోమైడు, స్ట్రాన్షియం వగైరా.

ఏ సముద్రంలో చూసినా ఈ ప్రధాన లవణాల పాళ్లు దాదాపు ఒక్కటే కావడం ప్రకృతి చేసిన చిత్రం. బ్రిటన్‌కు చెందిన 'ఛాలెంజర్' నౌక 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి నీళ్లు పట్టుకొచ్చింది. వాటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, 1884లో ఈ సంగతిని లెక్కలతో నిరూపించారు. నీరు ఒకచోట కాస్త చిక్కగా, ఇంకోచోట కాస్త పలచగా ఉండొచ్చు. పాళ్లు మాత్రం మారవు. అందుకే సముద్రపు జీవులకు ఆ పాళ్లే అలవాటు.

మరి కల్లుప్పు? అదీ సముద్రం నుంచి వచ్చిందే. కానీ నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవారికి తెలుసు... నీరు ఇంకే క్రమంలో ముందుగా కాల్షియం జిప్సంగా మారి అడుగున దిగిపోతుంది. ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం అన్నీ చేదుగా ఉండే అడుగు నీటిలో మిగిలిపోతాయి. ఆ నీటిని తీసేస్తారు. అంటే కల్లుప్పు చేతికొచ్చేసరికి దానిలో సముద్రం చాలావరకు పోయి, సోడియం క్లోరైడే మిగులుతుంది. దాన్ని ఎంత కలిపినా కూరకు రుచి వస్తుందేమోగానీ చేపకు ప్రాణం రాదు. అందుకే అన్ని పాళ్లూ సరిచూసి కలిపిన 'మెరైన్ సాల్ట్' కొనాల్సి వస్తుంది.

ఎవరికి కావాలి ఈ కాల్షియం?

పగడం చూడ్డానికి రాయిలా, పువ్వులా ఉంటుందిగానీ అదో జంతువు. వేలాది చిన్నచిన్న జీవులు కలిసి కట్టుకున్న కాలనీ. తమ ఒంట్లో దాక్కున్న సూక్ష్మమైన నాచు వెలుతురుతో వండిపెట్టే ఆహారంతో బతుకుతూ, నీటిలోని కాల్షియాన్నీ కార్బనేటునూ తీసుకుని సున్నపురాయి గూడు కట్టుకుంటాయి. ఒకటిమీద ఒకటి అలా కట్టుకుంటూ పోతేనే పగడపు దిబ్బ.

సముద్రంలో ఎంత వాడుకున్నా తరగని సంపద అది. 200 లీటర్ల తొట్టిలో అలా కాదుగా! జీవులు పెరిగేకొద్దీ కాల్షియం తగ్గుతుంది. దాంతోపాటే 'ఆల్కలినిటీ', అంటే నీటిలోని క్షారశక్తి కూడా పడిపోతుంది. ఈ రెండూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. సున్నపు గూడు కట్టడంలో కాల్షియం 20 పీపీఎం ఖర్చయితే, ఆల్కలినిటీ 2.8 డిగ్రీలు తగ్గుతుంది. ఈ డిగ్రీలనే అక్వేరియం భాషలో 'డీకేహెచ్' అంటారు. సముద్రంలో కాల్షియం సుమారు 410 పీపీఎం, ఆల్కలినిటీ ఏడు డిగ్రీల చిల్లర, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటాయి. తొట్టిలోనూ ఆ చుట్టుపక్కలే ఉండాలి.

పగడాలే కాదు, రాళ్లమీద గులాబీ రంగు పూతలా పెరిగే కోరలిన్ నాచుకీ, బిళ్లలు గుచ్చిన దండలా ఉండే హాలిమెడా నాచుకీ, నత్తలకీ, కుబుసం విడిచే రొయ్యలకీ కాల్షియం కావాలి. ఉత్త చేపలే ఉన్న తొట్టికి మాత్రం దాని అవసరం దాదాపు లేదు. వారం వారం కాస్త నీళ్లు మార్చి కొత్త ఉప్పునీళ్లు పోస్తే చాలు, కావాల్సిన ఖనిజాలన్నీ అందులోనే వచ్చేస్తాయి. క్లౌన్ ఫిష్ జంట ఒక్కటే ఉన్నవాళ్లు షాపువాడు చెప్పాడని కాల్షియం సీసా కొనడం... జ్వరం లేనివాడు మాత్ర మింగినట్టే!

ముందు చట్టం... ఆ తర్వాతే తొట్టి

ఖనిజాల ధర కంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. మనదేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సీ ఫ్యాన్ అని పిలిచే విసనకర్ర పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు గుర్రాలు కూడా ఆ రక్షణ కిందికే వచ్చాయి. అంటే చట్టం దృష్టిలో పులి ఎంతో పగడమూ అంతే. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. మొదటి షెడ్యూల్లోని జీవుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. జుర్మానా అదనం. తీర్థయాత్రకు వెళ్లి అక్కడ కొనుక్కొచ్చుకునే తెల్ల పగడపు ముక్కకు కూడా ఇదే వర్తిస్తుంది.

'మాది విదేశీ పగడం' అంటే సరిపోతుందా? దిబ్బలు కట్టే గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం 'సైటిస్' ఒప్పందం అదుపులో ఉంది. అనుమతి పత్రాలు లేనిదే సరిహద్దు దాటకూడదు. 2022లో మన చట్టానికి చేసిన సవరణ కూడా ఆ ఒప్పందంలోని జీవుల వ్యాపారాన్ని కట్టుదిట్టం చేసింది. కాబట్టి షాపువాడు చెప్పే మాట కాదు, చేతికిచ్చే కాగితం ముఖ్యం. అనుమానం ఉంటే కొనేముందే అటవీ శాఖను అడగడం మేలు.

అలాగని సరదా చంపుకోనక్కర్లేదు. క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, తమిళనాడులోని పరంగిపేటలో ఉన్న అన్నామలై విశ్వవిద్యాలయం కేంద్రం ఎప్పుడో సాధించాయి. హేచరీలో పుట్టిన చేపలు, పొడి రాళ్లు, వాటిమీద పెరిగే గులాబీ నాచు, శుభ్రం చేసే రొయ్య... ఇంత చాలు, ముందు గదికి సముద్రపు కళ రావడానికి. ఇకనుంచీ చెప్పే ఖనిజాల లెక్కలన్నీ ఇలాంటి తొట్టికీ, పక్కా కాగితాలున్న జీవులు ఉన్న తొట్టికీ వర్తిస్తాయి.

సీసాలో ఏముంది?

అక్వేరియం షాపుల్లో రెండు సీసాల మందు ఒకటి దొరుకుతుంది. ఒకదానిలో కాల్షియం, రెండోదానిలో ఆల్కలినిటీ. విదేశాల నుంచి వచ్చిన సరుకు కావడంతో బరువుకు బరువు రవాణా ఖర్చు, సుంకం, కంపెనీ పేరు, షాపు లాభం అన్నీ దాని ధరలో కలుస్తాయి. మూత తీసి చూస్తే మొదటిదానిలో ప్రధానంగా ఉండేది కాల్షియం క్లోరైడు, నీళ్లు. రెండోదానిలో సోడియం బైకార్బనేటో, కార్బనేటో. అంటే మన వంటసోడాకు సొంత చుట్టమే!

ఈ రహస్యాన్ని పదిమందికీ పంచినవారిలో రాండీ హోమ్స్-ఫార్లీ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పేరు ముందు చెప్పుకోవాలి. చవగ్గా దొరికే పొడులతో ఇంట్లోనే రెండు సీసాల మందు కలుపుకునే పద్ధతిని ఆయన 2000ల దశకంలో రాసి ప్రచారంలోకి తెచ్చారు. ఆ లెక్కలే ఇవాళ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి.

సీసా ఖరీదు ఎక్కువో తక్కువో తేల్చడానికి చిన్న లెక్క ఉంది. ఉదాహరణకు 'ఒక మిల్లీలీటరు పోస్తే 100 లీటర్ల నీటిలో కాల్షియం ఒక పీపీఎం పెరుగుతుంది' అని సీసా మీద రాసి ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్టు. లీటరు సీసాకు 100 గ్రాములు. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ పొడిలో కాల్షియం 27.3 శాతం. కాబట్టి ఆ లీటరు సీసా 366 గ్రాముల పొడికి సమానం. అరకిలో కూడా లేదు! సీసా ధర పక్కన ఆ పొడి ధర వేసి చూసుకోండి... తేడా మీకే తెలుస్తుంది.

చీటీలో రాసుకోండి

ఇంతకీ కొనాల్సిన సరుకులేంటి? చీటీ పెద్దదేం కాదు.

వంటసోడా: సోడియం బైకార్బనేట్. ఆల్కలినిటీ పెంచడానికి ఇదే. కిరాణా కొట్లోనే దొరుకుతుంది. పొట్లం మీద ఐఎన్ఎస్ 500 అని ఉంటుంది. కేకుల్లో వాడే బేకింగ్ పౌడర్ మాత్రం వేరు. దానిలో పిండి, ఆమ్లం కలుస్తాయి. అది పనికిరాదు.

కాల్షియం క్లోరైడ్: ఐఎన్ఎస్ 509. పనీరు తయారీలో వాడే ఫుడ్ గ్రేడ్ సరుకు మేలు. డైహైడ్రేట్ అయితే కాల్షియం 27.3 శాతం, తేమలేని అన్‌హైడ్రస్ అయితే 36.1 శాతం. ఏది కొన్నారో తెలియకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

మెగ్నీషియం క్లోరైడ్: ఐఎన్ఎస్ 511. ఉప్పు మడుల్లో మిగిలే ఆ చేదు నీటి నుంచి తీసేదే ఇది. గుజరాత్ ఉప్పు మడుల సీమలో ఎక్కువగా తయారవుతుంది. మామూలుగా దొరికే హెక్సాహైడ్రేట్ రేకుల్లో మెగ్నీషియం 12 శాతం. మెగ్నీషియం తరిగేది మెల్లగా కాబట్టి ఎప్పుడోగానీ దీని అవసరం పడదు.

భేది ఉప్పు: మెగ్నీషియం సల్ఫేట్. మందుల షాపులో దొరుకుతుంది. మెగ్నీషియం 9.9 శాతం. ఒక్క దీన్నే వాడుతూ పోతే నీటిలో సల్ఫేటు పెరిగిపోతుంది. మెగ్నీషియం క్లోరైడుతో కలిపి కొద్దిగా వాడాలి.

సున్నం: కాల్షియం హైడ్రాక్సైడ్. ఐఎన్ఎస్ 526. తాంబూలంలో వేసుకునే సున్నం ఇదే పదార్థమైనా దానిలో ఇంకేం కలిపారో తెలియదు కాబట్టి ఫుడ్ గ్రేడ్ పొడి కొనాలి. లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాముల దాకా కరుగుతుంది. పైన తేరిన సున్నపు తేటలో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన పాళ్లల్లో ఉంటాయి. తొట్టిలో ఆవిరైన నీటికి బదులు దీన్ని చుక్కచుక్కగా వదిలితే ఒకే దెబ్బకు రెండు పిట్టలు. లీటరు తేట 200 లీటర్ల తొట్టిలో అర డిగ్రీ ఆల్కలినిటీని భర్తీ చేస్తుంది. అయితే ఇది గాఢమైన క్షారం. ఒక్కసారిగా గుమ్మరిస్తే తొట్టిలోని జీవులు చస్తాయి. కంట్లో పడితే మనకూ ప్రమాదమే.

బస్తానా... కిలోనా?

'చవగ్గా వస్తుంది కదా, 25 కిలోల బస్తా తెచ్చేద్దాం' అని తొందరపడేవారు కాస్త ఆగండి. అసలు ఏడాదికి ఎంత కావాలి?

200 లీటర్ల తొట్టిలో జీవులు బాగానే పెరుగుతూ రోజుకో డిగ్రీ ఆల్కలినిటీ వాడుకుంటున్నాయనుకుందాం. దానికి రోజుకు ఆరు గ్రాముల వంటసోడా, ఐదుంబావు గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ చాలు. ఏడాదికి సోడా రెండు కిలోల పైచిలుకు, కాల్షియం క్లోరైడ్ రెండు కిలోలకు కాస్త తక్కువ. అంటే 25 కిలోల బస్తా కొంటే పదమూడేళ్లు వస్తుంది! నాచు, రొయ్యలే ఉన్న తొట్టయితే మనవల దాకా వచ్చినా ఆశ్చర్యం లేదు.

అన్నేళ్లు అది నిలవ ఉంటుందా? ఉండదు. కాల్షియం క్లోరైడుకు తేమంటే మహా ప్రీతి. మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుని ముద్దయి, ఆపైన నీరవుతుంది. నీరు పీల్చుకున్న పొడిని తూచి వేస్తే లెక్కకు తగ్గ కాల్షియం అందదు. అందుకే ఇంటి తొట్టికి కిలో, రెండు కిలోల ప్యాకెట్టు చాలు. నలుగురైదుగురు కలిసి ఒక బస్తా తెచ్చుకుని పంచుకుంటే మరీ మంచిది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, పేరు, తేదీ రాసి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి.

మరి టోకున కొంటే కలిసొచ్చేది ఎక్కడ? ఉప్పు దగ్గర! 200 లీటర్ల తొట్టి మొదటిసారి నింపడానికే ఏడు కిలోల మెరైన్ సాల్ట్ కావాలి. వారానికి 20 లీటర్లు మార్చినా ప్రతిసారీ 700 గ్రాములు. ఏడాదికి 36 కిలోలు! రెండు కిలోల కాల్షియం గురించి బేరాలాడి, 36 కిలోల ఉప్పును చిన్న డబ్బాల్లో కొంటుంటే ఏం లాభం? పెద్ద బకెట్టు కొనాల్సింది ఇక్కడే.

రొయ్యల చెరువుకు ఎసరు... ఇంటికి చెంచా

ఖనిజాలు బస్తాల లెక్కన కొనేవారు మన తెలుగునేల మీద ఇంకోచోట ఉన్నారు. భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు రొయ్యల రైతులు! వనామి రొయ్యకు 2009లో కేంద్రం పూర్తిస్థాయి అనుమతి ఇచ్చాక సాగు ఉప్పునీటి తీరం దాటి లోపలికి పాకింది. ఉప్పదనం తక్కువున్న బోరు నీటిలో పొటాషియం, మెగ్నీషియం చాలవు. కుబుసం విడిచిన రొయ్యకు పెంకు గట్టిపడదు. అందుకే సముద్రపు పాళ్లు చూసుకుంటూ పొటాష్, మెగ్నీషియం, కాల్షియం చల్లుతారు. సముద్రంలో సోడియం 28 పాళ్లుంటే పొటాషియం ఒక పాలు, కాల్షియం ఒక పాలుంటే మెగ్నీషియం మూడు పాళ్ల పైచిలుకు. రైతు చూసుకునే నిష్పత్తులు ఇవే. ఛాలెంజర్ నౌక మోసుకొచ్చిన లెక్క భీమవరం చెరువు గట్టు దాకా వచ్చిందన్నమాట!

మీటరు లోతున్న ఎకరం చెరువులో 40 లక్షల లీటర్ల నీరుంటుంది. మన 200 లీటర్ల తొట్లు 20 వేలు కలిస్తే ఒక ఎకరం చెరువు. పొటాషియం పది పీపీఎం పెంచాలంటే చెరువుకు 77 కిలోల పొటాషియం క్లోరైడ్ కావాలి. తొట్టికైతే నాలుగు గ్రాములు. చెంచాడు కూడా కాదు!

మరి ఆ ఆక్వా షాపు బస్తాలో నుంచి నాలుగు కిలోలు తెచ్చుకుంటే పోలా? పోదు. చెరువుల మినరల్ మిక్స్చర్లలో రాగి, జింకు కూడా కలుపుతారు. కొన్నింటిలో కరగని డోలమైటు పొడి ఉంటుంది. రాగి అతి స్వల్పంగా ఎక్కువైనా పగడాలకు, నత్తలకు విషమే. చెరువులో చల్లితే బురద, సేంద్రియ పదార్థం దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. గాజుతొట్టిలో ఆ వెసులుబాటు ఎక్కడిది? పశువులకు పెట్టే మినరల్ మిక్స్చర్‌కూ ఇదే మాట.

ఎరువుల దుకాణం సరుకూ అంతే. పత్తి ఆకు ఎర్రబారితే లీటరుకు పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయడం వరంగల్ రైతుకు కొత్త కాదు. పదార్థం ఒకటే అయినా పొలానికి చేసిన సరుకులో ఉండే మలినాలను మట్టి, మొక్క తట్టుకుంటాయి. ఎర్ర పొటాష్‌కు ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చిందే. పైసలు మిగులుతాయని దాన్ని తొట్టిలో వేస్తే మిగిలిన పైసలకు పదింతల చేపలు పోతాయి.

కలిపే పద్ధతి

ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవారికి ఇది చిటికెలో పని. లీటరు ఆర్‌ఓ నీటిలో 84 గ్రాముల వంటసోడా కరిగించి ఒక సీసాలో పోయండి. ఇంకో లీటరు నీటిలో 73.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కరిగించి రెండో సీసాలో పోయండి. ఇక దీనిలో ఎన్ని మిల్లీలీటర్లు వేస్తే దానిలోనూ అన్నే! జోడెద్దులు సమంగా నడుస్తాయి. 200 లీటర్ల తొట్టికి రెండింటిలోనూ 36 మిల్లీలీటర్లు వేస్తే ఆల్కలినిటీ అర డిగ్రీ, దానికి తగ్గట్టు కాల్షియం మూడున్నర పీపీఎం పెరుగుతాయి.

కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు నీరు వేడెక్కుతుంది. పొడిలో నీళ్లు పోయకుండా, నీళ్లలోనే పొడి కొద్దికొద్దిగా వేయాలి. రెండు ద్రావణాలనూ ఒకే గిన్నెలో కలపకూడదు. కలిపారో, తెల్లగా విరిగి సున్నపు పొడి అడుగున దిగుతుంది. నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా గార పట్టేది కూడా ఇదే. తొట్టిలో కూడా ఒకటి ఉదయం, ఇంకోటి సాయంత్రం, నీరు జోరుగా పారేచోట వేయాలి. ఆల్కలినిటీ రోజుకు ఒక డిగ్రీకి మించి పెంచొద్దు.

అన్నింటికంటే ముఖ్యం... పరీక్షించకుండా ఏదీ వేయొద్దు. కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం టెస్ట్ కిట్లు మూడూ ఉండాలి. ఆల్కలినిటీ పరీక్ష అంటే డిగ్రీ కాలేజీ ల్యాబులో చేసే టైట్రేషనే. చుక్క చుక్క వేస్తూ రంగు మారేదాకా చూడటం. ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే ఆ పని వారికప్పగించండి... పుస్తకంలో పాఠం కళ్లముందు కనిపిస్తుంది.

ఎంత జాగ్రత్తగా వేసినా సోడాలోని సోడియం, రెండో పొడిలోని క్లోరైడ్ కలిసి నీటిలో మామూలు ఉప్పుగా మిగులుతాయి. అది క్రమంగా పేరుకుంటుంది. అందుకే మందు వేస్తున్నాం కదా అని నీళ్లు మార్చడం మానకూడదు.

బోరు నీళ్లు, భగభగ ఎండలు

వరంగల్ సరదాకు ఇంకో రెండు పరీక్షలున్నాయి. ఒకటి నీళ్లు. బోరు నీటిలో కాఠిన్యం, నైట్రేట్లు ఎక్కువగా ఉండొచ్చు. వాటిమీద ఉప్పు కలిపితే లెక్కలన్నీ తారుమారు. ఆర్‌ఓ నీళ్లే వాడాలి. నీరు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గిన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు పోయాలి. చాలా తొట్లలో ఉప్పదనం పెరిగి చేపలు పోయేది ఇక్కడే.

రెండోది ఎండ. మేలో మనదగ్గర పాదరసం 44, 45 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. సముద్రపు తొట్టికి 25 నుంచి 27 డిగ్రీలే హాయి. ఏసీ గదో, చిల్లరో లేకపోతే కుదరదు. కరెంటు పోతే ఏంటన్నదీ ముందే ఆలోచించాలి. ఖనిజాల దగ్గర మిగిల్చిన డబ్బు కరెంటు బిల్లుకు పోతుందని తెలిసే దిగాలి.

కొనేముందు ఈ ఐదూ చూడండి

* ప్యాకెట్టు మీద రసాయనం పేరు, డైహైడ్రేటా అన్‌హైడ్రసా, శాతం ఎంత అన్నవి స్పష్టంగా ఉండాలి. ఉత్త 'రీఫ్ మినరల్' అని ఉంటే వద్దు.
* ఫుడ్ గ్రేడ్ లేదా ఐపీ అని రాసి ఉండే మందుల గ్రేడ్ సరుకు మేలు. 'టెక్నికల్', 'కమర్షియల్' అన్నవి పరిశ్రమలకు.
* చెంచా నీటిలో వేసి చూడండి. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ తేటగా కరగాలి. అడుగున మడ్డి దిగినా, వాసన వచ్చినా పక్కన పెట్టేయండి.
* కొత్త ప్యాకెట్టును నేరుగా తొట్టిలో కాక, బకెట్టు ఉప్పునీటిలో కలిపి టెస్ట్ కిట్‌తో లెక్క సరిచూసుకోండి.
* తొట్టి పెట్టిన మొదటి మూడు నెలలూ ఏ ఖనిజమూ కొనొద్దు. వారం వారం పరీక్షలో కాల్షియం, ఆల్కలినిటీ నిజంగా తగ్గుతున్నాయని తేలాకే కొనండి.

తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు పగడాలను పడవలకొద్దీ తవ్వి, సున్నం బట్టీల్లో కాల్చేవారు. అక్కడి 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. అప్పట్లో పగడాన్ని కాల్చి సున్నం చేశారు. ఇప్పుడు సున్నం కలిపి పగడాన్ని బతికించాలని తాపత్రయపడుతున్నారు! 2024లో లక్షద్వీప్‌లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబోయినప్పుడు వాటిని కాపాడే సీసా ఏ షాపులోనూ దొరకలేదు. అంత పెద్ద సముద్రంలో పాళ్లు తప్పితే ఏమవుతుందో, గాజుతొట్టి ముందు కూర్చుని చెంచా సోడా తూచే పిల్లవాడికి మనకంటే బాగా అర్థమవుతుంది. ఆ తెలివిడి ముందు కిలో కాల్షియం ఖరీదు ఏపాటి!